నల్లమల నడకలో ఒక ప్రేమకథ: హాయిగా చదువుకునే నవలకు మన సీమ అడవి సరిపోదా?

కడపకలం

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక నవల మనసులో తిరుగుతోంది. అడవిలో నాలుగు రోజుల ప్రయాణం, అంతకుముందు ముక్కూమొహం తెలియని ఇద్దరు, చదివి పక్కన పెట్టాక మనసు తేలికపడే ముగింపు. హత్యలు, పగలు, కిడ్నాపులు ఉండవు.

ఇలాంటి కథ అనగానే మనవాళ్లు కూర్గ్ అంటారు, మనాలి అంటారు, మరీ దగ్గరైతే అరకు. సీమ పేరు చెప్తే మాత్రం కత్తులు, బాంబులు, సుమోలు. నాకు బాధగా ఉంటుంది. నల్లమల మనది, లంకమల మనది, పాలకొండలు మనవి. ఈ కొండల్లో ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఇష్టపడే కథ ఎందుకు ఉండకూడదు?

ఇంతవరకు అనుకున్నది: అమ్మాయి కడపలో బ్యాంకు ఉద్యోగి, ఇరవై తొమ్మిదేళ్లు. ఇంట్లో సంబంధాలు చూసీ చూసీ అలసిపోయారు, ఆమె వాళ్లకంటే ఎక్కువ అలసిపోయింది. అబ్బాయి అనంతపురం వైపు శనక్కాయ రైతు కొడుకు, పశువుల డాక్టరు. ఇద్దరూ ఒకే గుంపులో అడవిలోకి వెళ్తారు. ఏ అడవి, ఏ కాలం, ఏ పని మీద అనే దగ్గర ఆగిపోయాను. అడవి తెలిసినవాళ్లు, ఇలాంటి నవలలు ప్రేమగా చదివేవాళ్లు చెప్పండి.

జమ్మలమడుగు_వాసి

గండికోట పెట్టండి అక్కా. పెన్నా లోయ అంచున టెంట్లు, పొద్దున్నే సూర్యోదయం, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు అన్నీ ఒక్కచోటే. కెమెరా పట్టుకొని వచ్చే జంటలు మాకు రోజూ కనిపిస్తారు. వేరే చోటు వెతకాల్సిన పనేముంది?

నంద్యాల_పాఠకురాలు

జమ్మలమడుగు అన్నా, గండికోట అందం గురించి వాదన లేదు. కానీ ఈ నవలకు అది సరిపోదు అంటాను. కారు పక్కనే ఉంటుంది, ఫోన్ పనిచేస్తుంది, చిరాకు వస్తే గంటలో ప్రొద్దుటూరులో ఉండొచ్చు. వెనక్కి వెళ్లిపోయే వీలు ఉన్నంతసేపు ఇద్దరికీ ఒకరి అవసరం ఇంకొకరికి పడదు.

నేను ఈ రకం నవలలు చిన్నప్పుడు వీక్లీ సీరియల్స్ నుంచి ఇప్పుడు ఫోన్లో కథలు చదివే ప్రతిలిపి యాప్ దాకా వదలకుండా చదువుతున్నాను. నాకు బాగా నచ్చినవాటిలో ప్రేమ ఎప్పుడూ పని మధ్యలో పుడుతుంది. నీళ్లు మోయడం, పొయ్యి రాజేయడం, ఒకరి కాలికి ముల్లు గుచ్చుకుంటే ఇంకొకరు కూర్చుని తీయడం. కొండ అంచున నిలబడి సూర్యోదయం చూసే సీన్ ఒక్క పేజీ కంటే ఎక్కువ నిలవదు. నడక కావాలి కలం గారూ, ముందుకు తప్ప వెనక్కి పోలేని నడక.

ఆత్మకూరు_దారి

అయితే వేరే ఎక్కడికో ఎందుకు, శ్రీశైలం కాలిబాట ఉంది కదా. మా ఊరి మీదుగానే పోతుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి అడవిలోకి దిగుతారు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, అక్కడి నుంచి కొండెక్కితే పెద్దచెరువు, అక్కడ చెంచుగూడెం. తర్వాత మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. కొండ ఎక్కేచోట పాతకాలపు రాతిమెట్లు ఉన్నాయి, కాళ్లు పడీ పడీ నున్నబడిపోయాయి. మొత్తం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. గట్టివాళ్లు రెండు రోజుల్లో పోతారు, పెద్దవాళ్లు ఉన్న గుంపుకు మూడు నాలుగు రోజులు పట్టినా తప్పు లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983 నుంచి పులుల కోసం కాపాడుతున్న అడవి. ఇష్టమొచ్చిన రోజు సంచి తగిలించుకొని పోతానంటే కుదరదు, ఫారెస్టు వాళ్లు వెనక్కి పంపుతారు. మహాశివరాత్రికి, ఉగాదికి మాత్రం యాత్రికులకు దారి తెరుస్తారు. అప్పుడు దారి పొడుగునా అన్నదానం చేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు ఉంటారు. కాబట్టి మీ ఇద్దరూ 'ట్రెక్కింగ్' అని ఒంటరిగా పోతే చదివే మా ప్రాంతం వాళ్లు మొదటి పేజీలోనే నవల మూసేస్తారు. యాత్రలో పోతే నమ్ముతారు.

కాలం శివరాత్రి అయితే మోదుగ పూలు కొండంతా ఎర్రగా ఉంటాయి, ఆకులు రాలి దారి చప్పుడు చేస్తుంది. ఉగాది అయితే ఎండ మాడ్చేస్తుంది, వాగులు ఎండిపోయి ఉంటాయి, నీళ్ల విలువ తెలుస్తుంది. ప్రేమకథకు ఏది మేలో మీరే చూసుకోండి.

కడపకలం

అన్నా, చేతులెత్తి దండం. 'ఏ పని మీద' అనే ప్రశ్నకు జవాబు దొరికింది. ఉగాది అయితే నీళ్ల కష్టం కథకు పనికొస్తుంది అనిపిస్తోంది. కానీ ఒక సందేహం. యాత్రలో ఉన్నవాళ్ల మధ్య ప్రేమ అంటే అపచారం అనుకోరు కదా?

ప్రొద్దుటూరు_పెద్దమ్మ

అపచారం ఎందుకమ్మా? అబ్బాయి శివదీక్షలో, మాలలో ఉంటే మాత్రం వద్దు. దీక్షలో ఉన్నవాడు అమ్మాయి వైపు చూస్తే మాలాంటోళ్లం పుస్తకం పక్కన పెడతాం. మామూలు మొక్కు నడక అయితే తప్పేముంది? మాకాలంలో సగం సంబంధాలు తిరనాళ్లలో, పెళ్లిళ్లలో చూసుకున్నవే.

ఇంకోమాట. కడపలో ఇరవై తొమ్మిదేళ్ల పెళ్లికాని పిల్లను ఒక్కదాన్నే అడవికి పంపే ఇల్లు నేను చూడలేదు. ఉద్యోగం చేస్తున్నా సరే. ఎవరో ఒకరు తోడు పోతారు. ఆ తోడు పోయేదాన్ని బాగా రాయి. పిన్నమ్మో, మేనత్తో, మొక్కు ఆమెదే అయితే ఇంకా మంచిది. మోకాళ్ల నొప్పులు ఉన్నా నడుస్తానని పట్టుబట్టిన మనిషి. దారంతా మాట్లాడుతూనే ఉంటుంది, అన్నీ చూస్తూనే ఉంటుంది, ఏమీ చూడనట్టు ఉంటుంది. వాళ్లిద్దరికీ మాట్లాడుకునే చోటు కావాలనే ఆమె వెనకబడి నెమ్మదిగా నడుస్తోందని చదివేవాళ్లకు మెల్లగా తెలియాలి.

తినేది కూడా మర్చిపోవద్దు. నాలుగు రోజులకు జొన్నరొట్టెలు ఎండబెట్టి కట్టుకుంటారు, శనక్కాయల పొడి, బొరుగులు, బెల్లం. అన్నదానం దగ్గర వేడన్నం దొరికినప్పుడు కళ్లనీళ్లు తిరుగుతాయి ఆ ఆకలికి.

సిద్ధవటం_సీతాఫలం

అందరూ నల్లమల అంటున్నారు. లంకమల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

ప్రేమకథకు లంకమలను మించిన చోటు లేదు, ఎందుకంటే అక్కడ కలివికోడి అనే అరుదైన పిట్ట ఉంది. 1848లో జెర్డాన్ అనే ఆయన దాన్ని మొదట కనిపెట్టాడు. 1900లో ఒకసారి కనిపించి మాయమైపోయింది. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట, ముళ్లపొదల మధ్య పరుగెత్తుతుంది. చూసినవాళ్ల కంటే కూత విన్నామని చెప్పేవాళ్లే ఎక్కువ.

ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనిపించకుండా ఒకచోట బతికిన పిట్ట. ఇంక సంబంధం కుదరదు అని అందరూ తేల్చేసిన అమ్మాయి కథకు ఇంతకంటే ఏం కావాలి? హీరోను పక్షుల మీద పరిశోధన చేసేవాడిగా మార్చండి. రాత్రంతా కూత కోసం చెవులు రిక్కించి కూర్చోవడం, మాట్లాడకూడదు, కదలకూడదు. మాటలే లేని ప్రేమ సన్నివేశం ఎలా ఉంటుందో ఊహించండి.

నంద్యాల_పాఠకురాలు

సీతాఫలం గారూ, మీ పోస్టు చదివాక ఒళ్లు జలదరించింది. ఇది వేరే నవల, మీరే రాయండి, నేనే మొదటి పాఠకురాలిని.

ఈ కథలో మాత్రం పిన్నమ్మను తీసేయడం నాకు ఇష్టం లేదు. పరిశోధకుడి పక్కన పిన్నమ్మ రాత్రంతా మాట్లాడకుండా కూర్చుంటుందా? కలివికోడి కథను హీరో నడుస్తూ చెప్పనివ్వండి. పశువుల డాక్టరు కదా, ఆ మాత్రం తెలిసి ఉండటం సహజమే.

అనంత_రైతుబిడ్డ

నేను కొంచెం వేరుగా మాట్లాడతాను, నొచ్చుకోకండి.

హాయి నవలలు నాకు చాలావరకు నచ్చవు. వాటిలో మనుషులకు అప్పులు ఉండవు, కులం ఉండదు, తోబుట్టువులు ఉండరు. అడవిలోకి పోయి వస్తే అన్నీ సర్దుకుంటాయి. మాది శనక్కాయ వేసే ఊరు. వాన తప్పిన ఏడాది ఇంట్లో ఎవరి ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. శనక్కాయ రైతు కొడుకు అని రాసి, ఆ కొడుకు ఒక్కసారి కూడా ఆకాశం వైపు చూసి వాన గురించి ఆలోచించకపోతే వాడు మా వాడు కాడు. కథ చీకటిగా ఉండాలని కాదు. మొక్కు ఎందుకు అనే దగ్గర నిజం ఉండాలి అంటున్నా. అతను నడిచేది అవ్వ మొక్కిన మొక్కు తీర్చడానికి అనుకోండి. బోరులో నీళ్లు పడితే నడిచి వస్తానని అవ్వ మొక్కింది, నీళ్లు పడ్డాయి, అవ్వ ఇప్పుడు నడవలేదు. మనవడు నడుస్తున్నాడు. దేవుడి మీద అతనికి పెద్ద నమ్మకం లేకపోయినా అవ్వ మీద ఉంది.

కులం కూడా దాటేయకండి. ఇద్దరిదీ ఒకే కులం అని అనుకోకుండా కలిసొచ్చినట్టు రాస్తే మోసం చేసినట్టు ఉంటుంది. వేరే అయితే ఇంట్లో ఎవరు ఏమంటారో ఒక్క నిజమైన సంభాషణ రాయండి. దాన్ని దాటి వచ్చిన హాయి అయితే నేనూ చదువుతాను.

ప్రొద్దుటూరు_పెద్దమ్మ

అబ్బీ, బోరు మొక్కు మాట బాగా చెప్పావు. ఆ అవ్వను నవలలో ఒక్కసారైనా ఫోన్లో మాట్లాడించాలి కలం.

ఆదోని_మల్లికార్జున

ఉగాది యాత్ర అంటే కన్నడం వాళ్లను వదిలి రాయలేరు. మా ఆదోని మీదుగా వేలమంది నడిచి వస్తారు, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. పండక్కి కూతురికి పెట్టినట్టే చీర, పసుపు కుంకుమ, సారె పట్టుకొని వస్తారు. ఒక్కోడు కర్రకాళ్ల మీద నడుస్తాడు, చూస్తే మనకు భయం వేస్తుంది, వాళ్లకు లేదు.

పెళ్లి మాట ఎత్తితే విసిగిపోయే అమ్మాయి, కూతురింటికి అల్లుడింటికి పోతున్నామని పాడుకుంటూ వందల కిలోమీటర్లు నడిచే మనుషుల మధ్య పడితే ఏమవుతుందో ఆలోచించండి. వాళ్లు ఆమెను 'పెళ్లి ఎప్పుడు' అని అడగరు. 'తిన్నావా తల్లీ' అని అడుగుతారు. హీరో అనంతపురం వాడు కాబట్టి కన్నడం వస్తుంది, ఆమెకు రాదు. మధ్యలో అతను తర్జుమా చేయాలి. ఒక కన్నడం ముసలమ్మ అమ్మాయి గురించి ఏదో మంచిమాట అంటుంది, అతను సిగ్గుపడి సగమే చెప్తాడు. మిగతా సగం ఏమిటో అమ్మాయి చివరి దాకా అడుగుతూనే ఉండాలి.

నంద్యాల_పాఠకురాలు

ఆ 'మిగతా సగం' కోసమే నేను పుస్తకం కొంటాను!

ఇప్పుడు ఒక గట్టి విన్నపం. దయచేసి పులి రావద్దు. పులి వచ్చి, హీరో అడ్డం నిలబడి, అమ్మాయి భయంతో అతన్ని పట్టుకోవడం, ఇది మాత్రం వద్దు. జారి పడటం, వాగులో కొట్టుకుపోవడం, దారి తప్పి ఒకే గుహలో రాత్రి గడపడం కూడా వద్దు. అమ్మాయిని తెలివితక్కువదాన్ని చేస్తేగానీ ఈ సీన్లు నడవవు. మంచి నవలలో ఆమె కూడా అతనికి ఒకసారి దారి చూపాలి. బ్యాంకులో పదిమందిని ఓపికగా సముదాయించే మనిషి, అన్నదానం క్యూలో గొడవ జరిగితే ఆమే సర్దాలి. అతను దూరంగా నిలబడి అది చూడాలి.

ఆత్మకూరు_దారి

పులి గురించి నంద్యాల చెల్లెమ్మ మాట నిజం. అంతమంది చప్పుడు చేస్తూ పోతుంటే పులి ఆ దాపులకు రాదు. నల్లమలలో మేము నిజంగా భయపడేది ఎలుగుబంటికి. ఇప్పపూలు రాలే కాలం కదా, పూలు తినడానికి తెల్లవారుజామున, సాయంత్రం తిరుగుతాయి. వాటికి చూపు తక్కువ, ఉన్నట్టుండి ఎదురుపడితే బెదిరి మీదికొస్తాయి. అందుకే మసక వెలుతురులో గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడవమంటారు. పిన్నమ్మ మాటల ప్రవాహానికి ఇదో మంచి కారణం, ఆమె నోరు ఊరకే లేదు, అందరినీ కాపాడుతోంది.

చెంచుల గురించి మనసులో మాట ఒకటి చెప్పాలి. నవలల్లో సినిమాల్లో చెంచు మనిషి అంటే విల్లు పట్టుకొని నిలబడతాడు, దారి చూపించి మాయమవుతాడు. అలా రాయకండి. పెద్దచెరువు గూడెంలో మనుషులు పిల్లల్ని బడికి పంపుతారు, తేనె, జిగురు, ఉసిరికాయలు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు, యాత్ర రోజుల్లో వాళ్ల ముంగిట్లోంచి వేలమంది పోతుంటే చూస్తారు. వాళ్లకు మల్లన్న చెంచు మల్లయ్య, తమవాడు. కన్నడం వాళ్లకు అల్లుడు, వీళ్లకు ఇంటిమనిషి, మధ్యలో మనం. ఈ ముగ్గురూ కలిసే చోటు పెద్దచెరువు.

తేనె తీసే పద్ధతి గూడెంలో విన్నాను. కొండచరియ మీదినుంచి తాడు మీద దిగేటప్పుడు పైన తాడు కాపలాకు బావమరిదిని పెడతారట. అక్కాచెల్లెళ్ల బతుకు చెడగొట్టుకోడు కదా, తాడు వదలడు అని నమ్మకం. నీ తాడు ఎవరి చేతిలో పెడతావు అనే ప్రశ్న మీ నవల మొత్తానికి సరిపోతుంది కలం గారూ.

ఆళ్లగడ్డ_భక్తురాలు

అందరూ మల్లన్నను తలుచుకున్నారు, మా నరసింహస్వామిని మరిచారు. అడవిలో ప్రేమకథ అంటే మన సీమలో మొదటిది అహోబిలంలోనే జరిగింది. ఉగ్రంగా వచ్చిన స్వామి చెంచులక్ష్మిని చూసి మెత్తబడ్డాడు, ఆమె చెయ్యి అడిగాడు. ఇప్పటికీ సంక్రాంతి అయ్యాక కనుమ నాడు స్వామి పల్లకిలో బయలుదేరుతాడు. పారువేట అంటాం. నెలకు పైగా ఊరూరా తిరిగి తన పెళ్లికి తానే అందరినీ పిలుచుకొని వస్తాడు. ఆ పల్లకి మా ఊరికి వచ్చిన రోజు మాకు అసలు పండగ.

దారిలో ఒక రాత్రి పిన్నమ్మ ఈ కథ చెప్పాలి. కోపం ఉన్నవాడు ప్రేమతో మెత్తబడటం, పెళ్లికొడుకే ఇంటింటికీ వచ్చి పిలవడం, ఇవన్నీ మన ఊళ్లలో నమ్మకంగా బతుకుతున్న మాటలు. అనంత అన్న అడిగిన కులం ప్రశ్నకు కూడా ఆ కథలో జవాబు ఉంది. స్వామి అడవిబిడ్డను చేసుకున్నాడు కదా అని పిన్నమ్మ ఇంట్లోవాళ్ల ముందు ఒక్కమాట అంటే చాలు.

అనంత_రైతుబిడ్డ

అక్కా, ఆ ఒక్కమాట పిన్నమ్మ నోట వస్తే నేను ఒప్పుకుంటాను. అయితే ఆ మాటకు అమ్మాయి నాన్న వెంటనే కరిగిపోకూడదు. కొంచెం టైం పట్టాలి. ఆయన లేచి బయటికి పోయి, రాత్రి పొద్దుపోయాక వచ్చి అన్నం పెట్టమనాలి. మా నాన్నలు ఒప్పుకునే తీరు అదే.

కడపకలం

ఇన్ని చదివాక ఈ కథ నాతో పాటు మీది కూడా అనిపిస్తోంది. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను.

ఉగాది ముందు వారం. పిన్నమ్మ మొక్కు. అబ్బాయి అవ్వ బోరు మొక్కు. వెంకటాపురంలో మొదటిసారి చూసుకుంటారు, నచ్చరు. నాగలూటి మెట్ల మీద పిన్నమ్మ మోకాలు పట్టేస్తుంది, పశువుల డాక్టరు కట్టు కడతాడు, 'ఆవుకు కట్టినట్టు కట్టావు అబ్బీ' అని ఆమె అంటుంది, అమ్మాయి మొదటిసారి నవ్వుతుంది. పెద్దచెరువులో చెంచుగూడెం, కన్నడం ముసలమ్మ, సగం చెప్పిన మాట. ఒక సాయంత్రం ఎలుగు దూరంగా పోవడం అందరూ చూస్తారు, ఎవరూ ఎవరినీ కాపాడరు, గట్టిగా పాటలు పాడుకుంటూ నడుస్తారు. భీముని కొలను లోయ దిగి ఎక్కేటప్పుడు అతనికి వడదెబ్బ, ఆమె దగ్గర దాచిన నీళ్లు, ఉప్పు, బెల్లం. అంటే కాపాడేది ఆమె. కైలాసద్వారం, దర్శనం.

చివర ఎలా ముగించాలో తెలియడం లేదు. గుడిలో ప్రేమ చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అక్కడ దేవుడితో మాట్లాడనివ్వాలి.

ఆత్మకూరు_దారి

గుడి అయ్యాక ఇంటికి పోవాలి కదా, ఆ తిరుగు ప్రయాణం వాడుకోండి. శ్రీశైలం నుంచి బస్సు దోర్నాల మీదుగా మళ్లీ మన అడవిలోంచే ఆత్మకూరు వైపు వస్తుంది. ఘాట్ దారి రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు, జంతువుల కోసం. పండగ రద్దీలో పిన్నమ్మ ప్రసాదాల లైన్లో ఆలస్యం చేస్తుంది, ఆఖరి బస్సు పోతుంది. ఇక తెల్లారేదాకా ముగ్గురూ బస్టాండులోనే. పిన్నమ్మ సంచి తలకింద పెట్టుకొని పడుకుంటుంది.

ప్రొద్దుటూరు_పెద్దమ్మ

పడుకోదు. పడుకున్నట్టు ఉంటుంది.

ఆదోని_మల్లికార్జున

అయితే ఆ మిగతా సగం మాట అక్కడే చెప్పించండి. ముసలమ్మ అన్నది ఏమిటంటే, 'ఈ పిల్ల ఎవరి ఇంటికి పోతే ఆ ఇంటి బావిలో నీళ్లు ఎండవు' అని. బోరు మొక్కు తీర్చడానికి వచ్చిన అబ్బాయి ఆ మాటను ఆమె ముందు ఎలా అంటాడు చెప్పండి, అందుకే దాచుకున్నాడు.

అనంత_రైతుబిడ్డ

మల్లికార్జునన్నా, ఇక నేను మాట్లాడేది లేదు. రాయండి కలం గారూ.

కడపకలం

రాస్తున్నాను. బస్టాండు అధ్యాయం ముందు రాసేస్తాను, అది చేతిలో ఉంటే మిగతా నడక నడవగలను. ఆదోని అన్నా, ముసలమ్మ మాటలు కన్నడంలోనే పెడతాను, మీరు సరిచూడాలి. ఆత్మకూరు అన్నా, నాగలూటి మెట్ల నుంచి పెద్దచెరువు దాకా నీళ్లు దొరికే చోట్లు ఏవో, ఎక్కడెక్కడ నీడ ఉంటుందో వివరంగా రాసి పెట్టండి. సీతాఫలం గారూ, కలివికోడి కథను హీరో చెప్పే భాగం మీకు పంపుతాను, తప్పులుంటే దిద్దండి. మీ లంకమల నవల కూడా మొదలుపెట్టండి.